ఎనిమిది సమానాలు: చాపెల్ హిల్ అమ్మాయిల సాకర్ సీజన్ టికెట్, 2023

2023లో మా ఇంట్లో మూడు సీజన్ టికెట్లు తీసుకున్నాం. నాకొకటి, మా ఆయనకొకటి, పన్నెండేళ్ల మా పాపకొకటి. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా, చాపెల్ హిల్, అమ్మాయిల సాకర్ టీమ్, 2023 సీజన్. ఆగస్టులో మొదలైంది, నవంబరు 24 రాత్రి అయిపోయింది. డిసెంబరు 4 దాకా ఉంటుందని మేమనుకున్నాం. ఆ పది రోజుల తేడా నన్నింకా వదల్లేదు. 2024 జనవరి కూడా అయిపోవస్తోంది, మళ్లీ టికెట్లు కొనాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చింది. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల ఉండి, ఆడపిల్లలున్న మనవాళ్లకు పనికొస్తుంది.

నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ దగ్గరున్న కేరీ, మోరిస్‌విల్, ఎపెక్స్ ఊళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ప్రతి శనివారం కేరీ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం, పిల్లల్ని కూచిపూడికీ మ్యాథ్ క్లాసుకీ తిప్పుతాం. అక్కడికి అరగంట దూరంలో అమెరికా అమ్మాయిల సాకర్‌కు పుట్టిల్లు లాంటి మైదానం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. నాకూ 2019 వరకు తెలియదు. 1979లో టీమ్ పెట్టినప్పటి నుంచీ 2023 సీజన్ దాకా కోచ్ యాన్సన్ డోరెన్స్ ఒక్కరే. 2023 నాటికి 22 జాతీయ టైటిళ్లు, అందులో 21 ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే జాతీయ సంస్థ) టోర్నీవి. 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టుకూ ఆయనే కోచ్. మియా హామ్, క్రిస్టీన్ లిలీ, టోబిన్ హీత్, క్రిస్టల్ డన్ అందరూ ఈ కాలేజీ పిల్లలే. 2019లో తెరిచిన కొత్త స్టేడియంలో మైదానానికి డోరెన్స్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. తన పేరున్న మైదానం గట్టున నిలబడి ఆ పెద్దాయన 2023లో కూడా కోచింగ్ చేస్తుంటే చూడటమే ఒక అనుభవం.

టికెట్ ధర సంగతి ముందే చెప్తాను. ఇదే కాలేజీ మగపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్, అదీ డ్యూక్ యూనివర్సిటీతో ఆడేది ఒక్కటి చూడాలంటే అయ్యే ఖర్చులో మా ముగ్గురి సీజనంతా అయిపోయి, ఇంకా మిగులుతుంది. డబ్బు విషయంలో నాకు ఒక్క మాట కూడా ఫిర్యాదు లేదు. స్టేడియంలో 4,200 మంది పడతారు. ఎక్కడ కూర్చున్నా మైదానం ఒళ్లోనే ఉన్నట్టుంటుంది. గోల్‌కీపర్ తన డిఫెన్స్ పిల్లల్ని పేరు పెట్టి పిలవడం వినిపిస్తుంది. ఇద్దరు పరుగెత్తుకొచ్చి భుజాలు గుద్దుకుంటే ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది. మధ్యమధ్యలో క్యాంపస్ గంటస్తంభం మోగుతుంది. టీవీలో సాకర్ చూసి అలవాటైన మా ఆయన మొదటిరోజు పది నిమిషాలు నోరు మెదపలేదు. ఆ తర్వాత అన్న మాట ఒక్కటే: “ఇంత స్పీడుగా ఉంటుందా!”

నేను నిజామాబాద్‌లో బడి రోజుల్లో ఖోఖో ఆడాను. ఈ టీమ్ ఆట నాకు అర్థమైంది ఆ దారిలోనే. ఖోఖోలో తప్పించుకునేవాళ్లు ముగ్గురు ముగ్గురుగా దిగుతారు కదా, ఒక బ్యాచ్ అవుటైతే ఇంకో బ్యాచ్. 2023లో చాపెల్ హిల్ కోచ్ కూడా అలాగే చేసేవాడు. అరగంట కాకముందే నలుగురైదుగురిని ఒకేసారి మార్చేసేవాడు. బంతి ఎదుటివాళ్ల కాలికి తగిలిందంటే చాలు, వీళ్లు ముగ్గురు మీద పడిపోతారు. అలా ఊపిరాడనివ్వకుండా తరమడానికి కాళ్లలో సత్తువ కావాలి, అందుకే ఎప్పటికప్పుడు కొత్త కాళ్లు. కాలేజీ రూల్ కూడా దీనికి వీలు కల్పిస్తుంది. మొదటి సగంలో బయటికొచ్చిన అమ్మాయి ఆ సగంలో మళ్లీ దిగకూడదు గానీ, రెండో సగంలో ఒకసారి బయటికొచ్చినా తిరిగి వెళ్లొచ్చు. ప్రపంచకప్‌లో చూసే సాకర్‌కూ దీనికీ ఇక్కడే పెద్ద తేడా.

ఇంకో తేడా గడియారం. మామూలు సాకర్‌లో గడియారం సున్నా నుంచి పైకి పోతుంది, చివర్లో రెఫరీ ఎన్ని నిమిషాలు కలుపుతాడో ఎవరికీ ఖాయంగా తెలియదు. కాలేజీలో 45:00 నుంచి కిందికి దిగుతుంది. సున్నా అయితే అంతే, ఆట అయిపోయినట్టే. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు, జనం గొంతు కలుపుతారు. గెలుస్తున్నవాళ్లకు అంతకన్నా తియ్యటి లెక్క ఉండదు.

2022 డిసెంబరు 5న కేరీలో జరిగిన జాతీయ ఫైనల్‌కు మేం ముగ్గురం వెళ్లాం. మా ఇంటి నుంచి ఆ స్టేడియం పావుగంట. తొమ్మిది వేల పైచిలుకు జనం, సగానికి సగం మా టీమ్ రంగు లేత నీలం. ఎదుటి టీమ్ లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ కాలేజీ. వాళ్ల మీద మా అమ్మాయి ఏవరీ ప్యాటర్సన్ రెండు గోల్స్ కొట్టింది. 2–0. గడియారంలో ఇంకా పది నిమిషాలుండగా వాళ్లొకటి కొట్టారు. సరే, ఒకటే కదా అనుకున్నాం. ఆఖరి నిమిషంలో మా పాప నా చేయి పట్టుకుని వెనక్కి లెక్క మొదలుపెట్టింది, మైకుకన్నా ముందే. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది, పదిహేడు. పదహారు అనలేదు. కార్నర్ కిక్ నుంచి బంతి లోపలికి పోయింది. 2–2. ఎక్స్‌ట్రా టైమ్‌లో మూడోది కూడా పడి, టైటిల్ యూసీఎల్ఏకు వెళ్లిపోయింది. చేతికందింది నోటికందకపోవడమంటే ఏమిటో ఆ రాత్రి నా బిడ్డ ముఖంలో చూశాను. కారులో ఇంటికొచ్చేదాకా అది నా చేయి వదల్లేదు.

2023 సీజన్ టికెట్లు కొన్నది ఆ పదహారు సెకన్ల కోసమే. ఆ అప్పు తీరడం కళ్లారా చూడాలని.

మా పాప దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. నిజామాబాద్ వెళ్లినప్పుడు గాంధీ చౌక్ దగ్గర మా అమ్మ కొనిచ్చింది. అందులో మ్యాచ్‌కొక గీత. తేదీ, ఎదుటి టీమ్, హాఫ్‌టైమ్ స్కోరు, ఫుల్‌టైమ్ స్కోరు, చివర్లో ఒక గుర్తు. గెలిస్తే టిక్కు, ఓడితే ఇంటూ, డ్రా అయితే సమానం గుర్తు. ఊళ్లో మ్యాచ్ అయితే స్టేడియంలోనే రాసేది, బయటి ఊళ్లో అయితే టీవీ ముందు. సీజన్ అయిపోయాక ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను. ఇరవై మూడు మ్యాచ్‌లు. పదమూడు టిక్కులు, రెండు ఇంటూలు. ఎనిమిది సమానాలు.

ఎవరైనా కొత్తవాళ్లకు ఈ లెక్క చెప్తే, ఇరవై మూడింట్లో ఓడింది రెండేనా, మరి బాధ దేనికి అంటారు. నిజమే, కాగితం మీద చూస్తే అదేమీ చెడ్డ సీజన్ కాదు. కానీ ఆ ఎనిమిది సమానాలను కుర్చీలో కూర్చుని చూసినవాళ్లకు తెలుస్తుంది. 2022 నుంచి కాలేజీ సాకర్‌లో మామూలు సీజన్ మ్యాచ్‌లకు ఎక్స్‌ట్రా టైమ్ తీసేశారు. అంతకుముందు తొంభై నిమిషాలకు సమానమైతే ఇంకో రెండు పది నిమిషాల ముక్కలుండేవి, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే మ్యాచ్. బెంచి మీద ఎక్కువమంది మంచి ఆటగాళ్లున్న టీమ్‌కు అది వరం. ఎదుటివాళ్లు అలిసిపోయేసరికి వీళ్ల కొత్త బ్యాచ్ దిగేది. ఇప్పుడు తొంభైకి గంట కొట్టేస్తారు. పిల్లల ఆరోగ్యానికి అది మంచిదే, నేను కాదనను. కానీ ఈ టీమ్‌కు ఎప్పుడూ కలిసొచ్చే ఆ ఇరవై నిమిషాలు పోయాయి. దాని బదులు తొంభై నిమిషాల్లోనే పని ముగించే దారి వీళ్లు వెతుక్కోలేదు. నా అభిప్రాయం ఇది.

డ్రా అయినప్పుడు స్టేడియం ఎలా ఉంటుందో చెప్తాను. మైకులో లెక్క సున్నాకొస్తుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియదు. పిల్లలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అక్కడక్కడే నిలబడిపోతారు. ఒకమ్మాయి సాక్సు కిందికి లాగి, లోపల పెట్టుకున్న షిన్ గార్డు తీసి చేత్తో పట్టుకుని, దాని వంకే చూస్తూ ఉండిపోయింది. పక్కన ఇంకొకమ్మాయి వచ్చి తల మీద చెయ్యేసి తీసుకెళ్లింది. ఇదంతా నాకు పదిహేను అడుగుల దూరంలో జరిగింది. మా పాప పెన్ను తీసి రెండు అడ్డగీతలు గీసింది. ఒక సెప్టెంబరు సాయంత్రం అలా గీస్తూ, “అమ్మా, మనం ఓడిపోలేదు కదా, మరి ఎందుకిలా ఉంది?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లే దారంతా 54 రోడ్డు మీద దాని గురించే మాట్లాడుకున్నాం. గెలవాల్సింది గెలవకపోవడం వేరు, ఓడిపోవడం వేరు అని చివరికి అదే తేల్చింది.

ఇక నవంబరు 24. థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం. పైగా కార్తీకమాసం. సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టి, పులిహోర కలిపి టీవీ ముందుకొచ్చాను. క్వార్టర్ ఫైనల్. యూటా రాష్ట్రంలో ప్రోవో అనే ఊరు, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ల సొంత మైదానం. ఆ ఊరు నాలుగున్నర వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తున, తరిమి తరిమి ఆడే టీమ్ ఊపిరి ఏమవుతుందోనని నాకు పొద్దుటి నుంచీ టెన్షన్‌గానే ఉంది. గెలిస్తే తర్వాతి రెండు మ్యాచ్‌లూ మళ్లీ కేరీలోనే. మా పావుగంట దూరంలోనే. మేం అక్టోబరులోనే ఆ సెమీస్, ఫైనల్ టికెట్లు మూడు కొని పెట్టుకున్నాం.

హాఫ్‌టైమ్‌కు 3–0. మా పాప నోట్‌బుక్‌లో హాఫ్‌టైమ్ గడిలో పెన్నుతో 3–0 అని కొంచెం పెద్దగానే రాసింది. నాకు పట్టరాని సంతోషం. ఇక్కడ రాత్రి, అక్కడ తెల్లారింది. నిజామాబాద్‌లో అమ్మ లేచి ఉంటుందని ఫోన్ చేశాను. “మూడు గోల్స్ కొట్టిన్రు అమ్మా, వాళ్లు ఒక్కటి గూడ కొట్టలే” అని చెప్పాను. అమ్మ సాకర్ చూడదు, కానీ మనవరాలి కోసం ఈ టీమ్ పేరు నేర్చుకుంది. “మంచిగైంది బిడ్డా, చాయ్ తాగి మళ్ల చేస్తా” అని పెట్టేసింది.

రెండో సగంలో ఏమైందో వివరంగా రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు. మొదటిది పడ్డప్పుడు పర్లేదు అనుకున్నాం. రెండోది పడ్డాక మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చోలేదు. అందరికీ తెలుస్తోంది, టీవీ ముందున్న నాకు కూడా తెలుస్తోంది, ఇప్పుడు కావాల్సింది నాలుగో గోల్ కాదని. బంతిని ఒక మూలకు తీసుకెళ్లి, ఇద్దరు ముగ్గురు మధ్య తిప్పుకుంటూ, ఎదుటివాళ్ల ఊపు చల్లారేదాకా ఆగాలి. వీళ్లు ఆగలేదు. బంతి దొరకడమే తడవు ముందుకు కొట్టారు, అది పోయింది, వాళ్లు మళ్లీ వచ్చారు. 3–3. ఆ తర్వాత 4–3. నాలుగు గోల్స్ ఒక్క సగంలోనే. మా పాప ఈసారి సెకన్లు లెక్కపెట్టలేదు. చివరి నిమిషంలో సోఫా మీద దిండు ఒళ్లో పెట్టుకుని, దాని అంచుకున్న దారం లాగుతూ కూర్చుంది.

అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ. “గెలిచిన్రా బిడ్డా?”

ఆ ఫోన్ మా పాపే ఎత్తింది. “లేదు అమ్మమ్మా” అని మాత్రం చెప్పి, స్పీకర్ మీద పెట్టి బల్ల మీద పెట్టింది. అమ్మ అటు నుంచి ఏమీ అనలేదు. కాసేపటికి, “తిన్నరా మీరు?” అని అడిగింది.

ఆ రాత్రే మా ఆయన కేరీ టికెట్లు అమ్మేద్దామన్నారు. టికెట్లు తిరిగి అమ్మే యాప్ ఒకదాంట్లో పెట్టాం కూడా. పొద్దున లేచేసరికి మా పాప వాటిని తీయించేసింది, వాళ్ల నాన్నతో మాట్లాడి. మనవాళ్లు రాకపోయినా మనం వెళ్దాం, వచ్చిన నాలుగు టీములూ ఎలా ఆడతాయో చూద్దాం అని దాని వాదన. నాకైతే మనసొప్పలేదు, అయినా వెళ్లాం. వెళ్లినందుకు ఇవాళ సంతోషిస్తున్నాను.

డిసెంబరు 1, శుక్రవారం. మామీద గెలిచొచ్చిన బ్రిగమ్ యంగ్, స్టాన్‌ఫర్డ్ చేతిలో 2–0తో ఓడింది. ఫ్లోరిడా స్టేట్ క్లెమ్సన్‌ను అదే 2–0తో ఓడించింది. చలికి కాళ్లు కొయ్యబారాయి. స్టేడియంలో ఎక్కడ చూసినా లేత నీలం టోపీలే, ఆడుతున్న నాలుగు టీములదీ కాని రంగు. అందరూ మాలాగే ముందే కొనుక్కున్నవాళ్లు. చాపెల్ హిల్‌లో మా ముందు వరసలో కూర్చునే పెద్ద జంట కూడా కనిపించారు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లు. ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని, ఫ్లాస్కులో హాట్ చాక్లెట్ పెట్టుకుని కూర్చున్నారు. మా పాపను చూడగానే ఆవిడ దుప్పటి ఒక అంచు ఎత్తి పక్కన చోటిచ్చింది.

ఆ రెండు సాయంత్రాలూ మేం మాట్లాడుకున్నదే నాకీ సీజన్‌లో బాగా గుర్తుండిపోయింది. ఆ జంటలో పెద్దాయన ఈ టీమ్‌ను 1980ల నుంచి చూస్తున్నారట. 1982లో మొదటి ఎన్‌సీఏఏ టోర్నీ జరిగితే అందులో ఆడింది 12 టీములే. ఇప్పుడు 64. 1986 నుంచి 1994 దాకా చాపెల్ హిల్ వరసగా తొమ్మిదిసార్లు గెలిచింది. పదోసారి 1995లో, ఇప్పుడు కొత్త స్టేడియం ఉన్న చోటే అప్పుడున్న ఫెట్జర్ ఫీల్డ్‌లో, సెమీస్‌లో నోటర్ డామ్ చేతిలో 1–0తో ఓడినప్పుడు ఆయన స్టాండ్‌లో ఉన్నారట. ఆ రోజు అందరూ లోకం తలకిందులైనట్టు ఏడ్చారని చెప్పారు. ఆయన లెక్కలో ఇది టీమ్ తప్పు కాదు. మిగతా కాలేజీలు ఎదిగాయి. పోయినేడు టైటిల్ ఎత్తుకెళ్లిన యూసీఎల్ఏ ఈసారి మొదటి రౌండ్‌లోనే, సొంత గడ్డ మీద, యూసీ అర్వైన్ చేతిలో ఓడిపోలేదా? ఇప్పుడు అందరికీ అందరూ గట్టివాళ్లే.

ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడకు కోపం ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మీద, అంటే ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిపోయే పద్ధతి మీద. ఇదివరకు ఒక అమ్మాయి పదిహేడేళ్లకు వస్తే నాలుగేళ్లు కళ్లముందే ఎదిగేది. బెదురుతూ బెదురుతూ దిగిన పిల్ల నాలుగో ఏడాదికి టీమ్‌ను మోసేది. ఇప్పుడు ఏటా సగం పేర్లు కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోందని, కలిసి ఆడిన రోజులు తక్కువైతే కష్టమొచ్చినప్పుడు ఒకరి కళ్లు ఇంకొకరు చూసుకోరని ఆవిడ అన్నారు. ఆ మాట నాకు బాగా పట్టింది. ప్రోవోలో 3–1 అయినప్పుడు బంతి పట్టుకుని అందరినీ ఒక్క నిమిషం ఆపే అమ్మాయి లేకపోయింది. అలాంటి పిల్ల ఒక్క ఏడాదిలో తయారవదు.

నా మాట నేను చెప్పాను. ఆయన చెప్పిందీ నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే. కానీ రెండేళ్లలో రెండుసార్లు, ఒకసారి 2–0 నుంచి, ఒకసారి 3–0 నుంచి జారిపోతే అది కాలం తెచ్చిన మార్పో, పిల్లలు వెళ్లిపోవడమో మాత్రమే కాదు. ఈ టీమ్‌కు గోల్ కొట్టడం నేర్పారు. కొట్టినదాన్ని కాపాడుకోవడం అంత శ్రద్ధగా నేర్పలేదు. తరమడం వీళ్ల బలం, అందులో అనుమానం లేదు. ఖోఖోలో కూడా మా పీఈటీ సార్ ఒక మాట పదే పదే చెప్పేవారు: తరిమేటప్పుడు ఒక ఆట, తప్పించుకునేటప్పుడు ఇంకో ఆట, రెండూ రావాలి అని. తప్పించుకునేటప్పుడు ఊరికే పరుగెత్తితే రెండు నిమిషాల్లో ఊపిరి అయిపోతుంది. స్తంభం దగ్గర ఆగి, ఎదుటివాళ్లను ఎదురుచూసేలా చేయాలి. చాపెల్ హిల్ పిల్లలకు ఆ స్తంభం దగ్గర ఆగడం రాలేదు. పెద్దాయన నా మాట విని తలూపారు. ఒప్పుకున్నారో, మర్యాదకు ఊపారో గానీ, “మీరు ఆడారా?” అని అడిగారు. ఖోఖో గురించి పావుగంట చెప్పాల్సొచ్చింది.

సోమవారం ఫైనల్‌లో ఫ్లోరిడా స్టేట్ స్టాన్‌ఫర్డ్‌ను 5–1తో కొట్టింది. సీజన్ మొత్తంలో 22 గెలుపులు, ఒక్క డ్రా, ఓటమి లేదు. ఆధిక్యం దొరికాక వాళ్లు కూడా గోల్స్ కొడుతూనే ఉన్నారు. కానీ బంతి వాళ్ల కాళ్ల మధ్యే ఉండిపోయింది. మా పాప నోట్‌బుక్ తీసి కొత్త పేజీలో ఏదో రాసుకుంది, చూపించలేదు. బయటికొస్తుంటే మాత్రం, “వాళ్లకు తొందర లేదమ్మా” అంది. నేను పావుగంట ఖోఖో కథతో చెప్పింది అది మూడు మాటల్లో చెప్పేసింది.

2023 సీజన్ దాకా చూస్తే, చాపెల్ హిల్ చివరిసారి టైటిల్ గెలిచింది 2012లో. ఆ తర్వాత 2018, 2019, 2022లో ఫైనల్ దాకా వెళ్లి మూడుసార్లూ ఓడింది. అందులో 2019ది పెనాల్టీల్లో. మా పాప 2011లో పుట్టింది. ఇరవై రెండు టైటిళ్ల టీమ్ అని దానికి చెప్పి ప్రేమ కలిగించింది నేను. దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్క టైటిలూ చూడలేదు. నాకు ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

2024 జనవరి 12న మహిళల ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్ జరిగింది, అంటే క్లబ్బులు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకోవడం. మొదటి పేరు ఆలీ సెంట్‌నర్, యూటా రాయల్స్‌కు. రెండో పేరు సావీ కింగ్, బే ఎఫ్‌సీకి. ఇద్దరూ చాపెల్ హిల్ వాళ్లే. దేశం మొత్తం మీద మొదటి రెండు స్థానాలూ మా టీమ్ పిల్లలకే వచ్చాయి. గర్వంగా ఉంది. అదే ఊపిరిలో, అంతమంది గట్టి పిల్లలుండి కూడా ఎనిమిది సమానాలా అని బాధగానూ ఉంది. సెంట్‌నర్ బంతి తీసుకుని ఎడమకు ఒక అడుగు వేసిందంటే స్టేడియమంతా లేచి నిలబడేది. దూరం నుంచే కొట్టేస్తుందని అందరికీ తెలుసు, అయినా ఎదుటి డిఫెన్స్ ఆపలేకపోయేది. ఆ ఒక్క అడుగు చూడటానికే టికెట్ డబ్బులు చెల్లు. ఇక ఆ అడుగు ఇక్కడ కనిపించదు.

స్టార్లు ఇవ్వాలంటే ఐదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర కోసుకున్నది మైదానంలో జరిగినదానికే. మిగతాదంతా బాగుంది. కొత్తగా వెళ్లేవాళ్లకు రెండు మూడు సంగతులు చెప్తాను. చాపెల్ హిల్ సిటీ బస్సులకు టికెట్ లేదు, కారు ఎక్కడైనా దూరంగా పెట్టుకుని బస్సెక్కి రావచ్చు. ఆగస్టు మ్యాచ్‌లకు టోపీ, నీళ్లు తప్పనిసరి. అక్టోబరు చివర నుంచి దుప్పటి పట్టుకెళ్లండి. ఆడపిల్లల్ని తీసుకెళ్తే మ్యాచ్ కాగానే వెళ్లిపోకండి. ఆటగాళ్లు కంచె దగ్గరికొస్తారు. ఇందాక చెప్పిన, డ్రా అయిన సాయంత్రం షిన్ గార్డు చేత్తో పట్టుకుని నిలబడిపోయిన అమ్మాయే, పది నిమిషాల తర్వాత కళ్లు తుడుచుకుని వచ్చి మా పాప నోట్‌బుక్ మీద సంతకం పెట్టింది. ఏ పొజిషన్ ఆడతావని అడిగింది. లెఫ్ట్ బ్యాక్ అని చెప్తే, “కష్టమైన చోటు, బాగా పరుగెత్తాలి” అంది. ఆ రోజు నుంచి మా పాప తన క్లబ్ ప్రాక్టీసుకు ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు.

మొన్న ఆదివారం అమ్మతో మాట్లాడుతుంటే మా జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య సంగతి మళ్లీ వచ్చింది. 2022లో క్రొయేషియాకు వెళ్లి దినామో జాగ్రెబ్ ఫుట్‌బాల్ క్లబ్‌కు ఆడటానికి సంతకం చేసిన పిల్ల. తండా నుంచి అంత దూరం పోయిందంటే అమ్మకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. “మన పిల్లలు గూడ ఆడుతున్నరు. నేనొచ్చినప్పుడు నాకు గూడ ఒక ఆట చూపియ్యి” అంది. అమ్మకు వీసా వచ్చింది, ఆగస్టు మొదటి వారంలో వస్తోంది.

అందుకని ఈసారి నాలుగు టికెట్లు తీసుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు, ఎండ కూడా పడదు. కింది వరసల్లో, సాయంత్రం నీడ పడే వైపు చూసి పెట్టమని మా ఆయనకు చెప్పాను. మా పాప నోట్‌బుక్‌లో 2024 అని రాసి కొత్త పేజీకి గీతలు గీసి పెట్టుకుంది. ఈసారి హాఫ్‌టైమ్ గడి పెన్సిల్‌తో నింపుతుందట.